పదేళ్ళ నాటి ఐ7-4790కీ, 96 కోర్ల ఎపిక్ 9654కీ తేడా రెండు సెకన్లేనా?

గ్రంథాలయం_శీను (తెనాలి):

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా మా ఊరి పాత గ్రంథాలయంలోని పుస్తకాలను నలుగురు స్నేహితులం కలిసి స్కాన్ చేస్తున్నాం. కాపీరైట్ గొడవ ఉండకూడదని రచయిత చనిపోయి 60 ఏళ్ళు దాటినవే తీసుకున్నాం. మొన్న సంక్రాంతి సెలవుల్లో కూర్చుని లెక్కేస్తే లక్షా పది వేల పేజీలు తేలాయి. ఇప్పుడు వాటన్నిటినీ టెసెరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓసీఆర్ చెయ్యాలి, అంటే పేజీ బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చాలి. అప్పుడే ఎవరైనా ఒక మాట కొట్టి వెతికితే ఫలానా పుస్తకంలో ఫలానా పేజీ అని దొరుకుతుంది.

ఇంట్లో ఉన్నది 2014లో కొన్న డెస్క్‌టాప్. కోర్ ఐ7-4790 ప్రాసెసర్, నాలుగు కోర్లు (విడివిడిగా పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరసలు), 16 జీబీ ర్యామ్. దీని మీద పేజీకి 8 సెకన్లు పడుతోంది. పగలూ రాత్రీ ఆపకుండా నడిపినా పది రోజుల పైమాటే. అన్ని రోజులు మా ఇంట్లో కరెంటు పోకుండా ఉంటుందన్న నమ్మకం లేదు.

అందుకని ఒక సర్వర్‌ను గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాను. ఏఎమ్‌డీ ఎపిక్ 9654. 96 కోర్లు, 192 థ్రెడ్లు, పూర్తిగా మనకే, ఇంకెవరితోనూ పంచుకునేది కాదు. అదే పేజీ ఇచ్చి చూశాను. 6 సెకన్లు! కోర్లు 24 రెట్లు ఉన్న ప్రాసెసర్ మీద కలిసొచ్చింది రెండు సెకన్లు.

సరే, ఒకేసారి 192 పేజీలు వదిలితే తెలుస్తుందని వదిలాను. థ్రెడ్లన్నీ వంద శాతం దగ్గర ఎర్రగా వెలుగుతున్నాయి, పేజీలు మాత్రం బయటికి రావడం లేదు. 40 నిమిషాలు చూసి ఆపేశాను. ఆ గంట డబ్బులు పోయాయి, పేజీలు రాలేదు. సర్వర్‌లో తేడా ఉందా, నేను వాడే పద్ధతిలో తేడా ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

శీను గారూ, ముందు ఒక్క విషయం చెప్పండి. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను, అంటే ప్రోగ్రామ్ ఎన్ని థ్రెడ్లు తీసుకోవచ్చో చెప్పే సెట్టింగ్‌ను, 1కి సెట్ చేశారా?

గ్రంథాలయం_శీను (తెనాలి):

లేదండీ. ఆ పేరే మొదటిసారి వింటున్నాను.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

అయితే మీ 40 నిమిషాలు ఎక్కడికి పోయాయో తెలిసింది. టెసెరాక్ట్ ఒక్కో పేజీకి తనంతట తానే నాలుగు థ్రెడ్లు తీసుకుంటుంది. మీరు 192 పేజీలు వదిలారు, అంటే లోపల 768 థ్రెడ్లు లేచాయి. ఉన్న చోట్లు 192. పైగా ఈ థ్రెడ్లు తమ వంతు కోసం ఊరికే కూర్చోవు. "అయిందా, అయిందా" అని అడుగుతూ ప్రాసెసర్‌ను తిప్పుతూనే ఉంటాయి. అందుకే మీటరు వంద శాతం చూపిస్తుంది, పని మాత్రం నడవదు.

లిమిట్ 1కి పెట్టండి. అప్పుడు ఒక పేజీకి ఒకే థ్రెడ్. తర్వాత జీఎన్‌యూ ప్యారలల్ అనే పనులు పంచే ప్రోగ్రామ్‌తో ఎన్ని పేజీలు ఒకేసారి వెళ్ళాలో మీరే చెప్పండి. ముందు 96, ఆ తర్వాత 192 పెట్టి, ఒక్కోసారి వెయ్యి పేజీల మీద సమయం రాసుకోండి. ఇదే పరీక్ష ఇంట్లో కూడా చెయ్యండి, నాలుగుతో ఒకసారి, ఎనిమిదితో ఒకసారి. సర్వర్‌కి మళ్ళీ డబ్బు కట్టే ముందు ఇంట్లో చూసుకోవడమే మేలు.

సుధ_సిలికాన్ (ఆస్టిన్):

మధు గారు చెప్పింది కరెక్ట్. ఆ 6 సెకన్ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను. నేను చిప్ వెరిఫికేషన్‌లో పని చేస్తాను, ఈ ప్రశ్న మా బంధువుల ఇళ్ళలో కూడా వస్తుంటుంది.

మీ 4790 గరిష్ఠ వేగం 4.0 గిగాహెర్ట్జ్. ఎపిక్ 9654ది 3.7. అంటే గడియారం (క్లాక్ వేగం) లెక్కన మీ పాత ప్రాసెసరే ముందుంది. అయినా ఎపిక్ నెగ్గింది, ఎందుకంటే ఒక్కో టిక్కుకి అది చేసే పని ఎక్కువ. మధ్యలో ఎన్నో తరాలు గడిచాయి. ఏఎమ్‌డీ చెప్పిన లెక్కలే చూస్తే, వాళ్ళ జెన్ తరాల్లో ఒకే గడియారం మీద జెన్ 2కి 15 శాతం, జెన్ 3కి 19 శాతం, ఈ ఎపిక్‌లో ఉన్న జెన్ 4కి 13 శాతం పెరుగుదల వచ్చింది. ఇవన్నీ కలిసి, తక్కువ గడియారం వల్ల పోయింది పోగా, మీ పేజీ మీద 8కి 6గా మిగిలింది.

మరి సర్వర్ ప్రాసెసర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి ఎందుకు తీసుకెళ్ళరు? వేడి వల్ల. గడియారం పెంచాలంటే వోల్టేజీ పెంచాలి. కరెంటు ఖర్చేమో వోల్టేజీ వర్గంతో పెరుగుతుంది. మీ 4790కి 84 వాట్ల హద్దు, నాలుగు కోర్లు, అంటే కోరుకి 21 వాట్లు. 9654కి 360 వాట్లు, 96 కోర్లు. కోరుకి నాలుగు వాట్లు కూడా రావు, అందులోనూ మెమరీతో, బయటి కార్డులతో మాట్లాడే ఐఓ డై అనే భాగం తన వాటా తీసుకుంటుంది. ఇంత తక్కువలో అన్ని కోర్లూ కలిసి 3.5 చుట్టుపక్కల నడవడం నాకు ఈ రోజుకీ గొప్పగానే అనిపిస్తుంది. ఆ చిప్ చేసినవాళ్ళు ఒక్క పేజీ తొందరగా రావాలని చెయ్యలేదు. 192 మంది ఒకేసారి అడిగినా ఎవరి పేజీ ఆగకూడదని చేశారు.

మంగళగిరి_మాస్టారు (మంగళగిరి):

నేను రిటైరైన ఫిజిక్స్ మాస్టారిని. కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువే. మాది చేనేత కుటుంబం కాబట్టి ఇలా అర్థం చేసుకున్నాను, తప్పైతే సరిచెయ్యండి.

ఒక మగ్గం మీద ఒక చీరకి నాలుగు రోజులు పడుతుందనుకోండి. 96 మగ్గాలు పెడితే నాలుగు రోజుల్లో 96 చీరలు వస్తాయి. అంతేగానీ ఒక చీర గంటలో రాదు. పడుగు ఒక్కటే, దాని మీద పేక వరసగా పడాల్సిందే. నేసేవాడు నేస్తుంటే ఇంట్లో ఇంకొకరు కండెలు చుట్టి ఇస్తారు, ఆ మేరకే సాయం. టెసెరాక్ట్ తీసుకుంటున్న ఆ నాలుగు థ్రెడ్లు ఈ కండెలు చుట్టేవాళ్ళ లాంటివేనా?

సుధ_సిలికాన్ (ఆస్టిన్):

మాస్టారూ, సరిగ్గా అదే. దీన్ని 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పారు, ఆయన పేరుతోనే ఆమ్డాల్ సూత్రం అంటారు. పనిలో వరసగా చెయ్యక తప్పని భాగం ఎంత ఉందో, అదే మొత్తం వేగానికి హద్దు. ఉదాహరణకి, ఒక పనిలో 90 శాతం పంచుకోగలిగేది ఉందనుకోండి. నాలుగు కోర్ల మీద అది 3 రెట్లు వేగంగా అవుతుంది. 96 కోర్లు ఇస్తే 9 రెట్లే. మిగతా కోర్లు చాలాసేపు ఖాళీగా ఉంటాయి.

శీను గారూ, ఇంటి మెషీన్ మీద ఒకే పేజీని లిమిట్ 1తో నడిపి ఎన్ని సెకన్లో చెప్పండి. మీ పేజీలో నేత ఎంత, కండె ఎంత అన్నది లెక్క కట్టి చెప్తాను.

గ్రంథాలయం_శీను (తెనాలి):

చూశానండీ. లిమిట్ 1తో 11 సెకన్లు. నాలుగు థ్రెడ్లతో ముందు చెప్పిన 8.

సుధ_సిలికాన్ (ఆస్టిన్):

నాలుగు కోర్లు పెట్టినా 11 కాస్తా 8కే వచ్చింది. అంటే ఒక పేజీ పనిలో మూడో వంతుకి కాస్త పైన మాత్రమే పంచుకోగలిగేది, మిగతాదంతా వరస పని. ఆ వరస పనికే మీ మెషీన్ మీద 7 సెకన్లు పడుతుంది. ఇంట్లో వంద కోర్లున్నా పేజీ 7 సెకన్ల కిందికి దిగేది కాదు. సర్వర్ 6 ఇచ్చిందంటే అది కోర్ల సంఖ్య వల్ల రాలేదు, ఒక్కో కోరు మెరుగైనది కావడం వల్ల వచ్చింది.

ఇంకో సంగతి. నాలుగు కోర్లూ ఒక పేజీ మీద పెట్టి 8 సెకన్లు తీసుకునే బదులు, కోరుకొక పేజీ ఇస్తే 11 సెకన్లకి నాలుగు పేజీలు వస్తాయి. మీ పది రోజుల లెక్క అక్కడే విరిగిపోతుంది.

గ్రంథాలయం_శీను (తెనాలి):

ఇది చదివి నిన్న రాత్రి నిద్రపోలేదు. ఇంట్లో వెయ్యి పేజీలు ఎనిమిది చొప్పున వదిలాను. 48 నిమిషాలు. ముందైతే ఇవే వెయ్యి పేజీలకి రెండు గంటల పైన పట్టేది! ఒక్క సెట్టింగ్‌తో ఇంత తేడా వస్తుందనుకోలేదు.

కానీ నడుస్తున్నంతసేపూ ఫ్యాను రొద పెడుతోంది. గడియారం చూస్తే మొదట్లో 3.8 ఉన్నది పది నిమిషాలకి 2.9 దగ్గరికి పడిపోతోంది.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

ఉష్ణోగ్రత ఎంత చూపిస్తోంది?

గ్రంథాలయం_శీను (తెనాలి):

98, 99. ఒక్కోసారి 100.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

ఆ ప్రాసెసర్‌కి 100 డిగ్రీలే హద్దు. అది తనని తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటోంది. కొన్నప్పటి నుంచి థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని పైనున్న హీట్ సింక్ రేకులకి చేర్చే పూత) మార్చారా? మార్చి ఉండరు. మెషీన్ ఆపి, ప్లగ్ తీసేసి, హీట్ సింక్ విప్పండి. పాత పేస్ట్ తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఫ్యాను రెక్కలు ఒక చేత్తో పట్టుకుని బ్లోయర్ కొట్టండి, గాలికి తిరగనివ్వకండి. ఇంత దూరం వచ్చాక ఆ 4790కి న్యాయం జరగాలంటే ముందు ఇది చెయ్యండి, తర్వాతే సర్వర్‌తో పోల్చండి. జ్వరంతో ఉన్నవాడిని పరుగు పందెంలో నిలబెట్టి ఓడిపోయాడంటే ఎలా?

ఆల్బమ్_రాజు (కరీంనగర్):

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నా అనుభవం చెప్తే ఇంకొకరికి పనికొస్తుంది. నాది పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే షాపు. ఐ7-3770 మీద ఏళ్ళ తరబడి ఫోటోషాప్ నడిపాను. సీజన్‌లో ఆలస్యమవుతోందని కొత్తది చూద్దామనుకుంటే, అమ్మేవాళ్ళు "సర్వర్ ప్రాసెసర్ తీసుకోండి, 28 కోర్లు, రాకెట్ లెక్క నడుస్తది" అని సెకండ్ హ్యాండ్ మెషీన్ ఒకటి అంటగట్టారు. అందులో రెండు జియాన్ ఈ5-2680 వీ4లు, ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్లు. ఆశతో తెచ్చుకున్నాను. బ్రష్ లాగితే చెయ్యి ముందు పోతోంది, గీత వెనక వస్తోంది. లేయర్ జరిపినా అంతే. 3770 మీదే హాయిగా ఉండేది.

మాఘమాసం ముహూర్తాలు నెత్తి మీద ఉన్నాయి, టెన్షన్‌తో రెండు రాత్రులు అన్నం సహించలేదు. చివరికి పాతదానికే మళ్ళీ మారాను. శీను అన్న రాసింది చదివాక ఇప్పుడు అర్థమైంది. నా పని ఒక మగ్గం పని.

సుధ_సిలికాన్ (ఆస్టిన్):

రాజు గారూ, ఆ 2680 వీ4 గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, మీ 3770ది 3.9. బ్రష్ లాంటి పనిలో ఎక్కువ భారం ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. మీ చేతికి తెలిసిన తేడా నిజమైనదే. ఒకేసారి 500 ఫోటోలను చిన్న సైజుకి మార్చే బ్యాచ్ పని ఉంటే, అది ఆ జియాన్ల మీద వేసి చూడండి, అక్కడ పనికొస్తాయి. డిజైన్ సీటుకి మాత్రం 2024లో వచ్చిన రైజెన్ 7 9700ఎక్స్ లాంటి మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్ చాలు. ఎనిమిది కోర్లే, కానీ 5.5 దాకా వెళ్తుంది, 65 వాట్ల హద్దులో. ఒక్క మనిషి ఒక్క పనికి అది మనం మాట్లాడుకుంటున్న ఎపిక్ 9654 కంటే కూడా చురుగ్గా ఉంటుంది.

కార్తీక్_వరంగల్ (వరంగల్):

అక్కా, అయితే గేమింగ్‌కి కూడా సర్వర్ ప్రాసెసర్ వద్దా? బోర్డుతో కలిపి చాలా చవకగా వస్తున్నాయి.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

వద్దు తమ్ముడూ. గేములకీ రాజు గారి బ్రష్ కథే. ఆ డబ్బు దాచుకుని, తర్వాత ఒక మంచి డెస్క్‌టాప్ ప్రాసెసర్ కొనుక్కో. లినక్స్, వర్చువల్ మెషీన్లు నేర్చుకోవడానికైతే మాత్రం ఆ పాత జియాన్ బాగానే పనికొస్తుంది, కరెంటు బిల్లు ఒక్కటి చూసుకో.

నవీన్_నెల్లూరు (నెల్లూరు):

నాకు వేరే రకం దెబ్బ తగిలింది. నెలవారీ కిరాయి మీద చవక వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో ఒక వాటా) ఒకటి తీసుకున్నాను. నాలుగు వీసీపీయూలు అన్నారు. లోపలికి వెళ్ళి చూస్తే ప్రాసెసర్ పేరు ఎపిక్ అనే ఉంది. మా చిన్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెడితే ఇంట్లో ఉన్న ఐ7-2600 మీద కంటే నెమ్మది. సాయంత్రాలైతే మరీ ఘోరం. కస్టమర్ కౌంటర్ ముందు నిలబడి ఉంటాడు, బిల్లు రాదు. ఎవరికి చెప్పినా "ఎపిక్ మీద స్లోగా ఉండదే" అన్నవాళ్ళే.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

నవీన్ గారూ, మీరు చెప్పేది ఉన్నదే. చాలా చోట్ల ఒక వీసీపీయూ అంటే ఒక కోరు కాదు, ఒక థ్రెడ్. నాలుగు వీసీపీయూలంటే రెండు కోర్లు. చవక ప్లాన్లలో ఆ రెండు కూడా మీ ఒక్కరివే అయి ఉండవు, అవే కోర్లను ఇంకొందరికి కూడా ఇచ్చి ఉంటారు. టాప్ కమాండ్ కొట్టి, పైన సీపీయూ అని ఉన్న వరసలో చివర ఎస్‌టీ అనే అంకె చూడండి. దాన్ని స్టీల్ టైమ్ అంటారు. మీ మెషీన్ పని చేద్దామని సిద్ధంగా ఉన్నా, అసలు ప్రాసెసర్ వేరేవాళ్ళ దగ్గర ఉండటం వల్ల ఆగిపోయిన సమయం అది. సాయంత్రం పూట అది పది, ఇరవై దాటితే మీకు చెప్పిన పేరు నిజమే, అందిన వాటా వేరు. స్క్రీన్‌షాట్ తీసి వాళ్ళకి పంపండి, వేరే హోస్ట్ మీదికి మార్చమనండి. లేదా డెడికేటెడ్ వీసీపీయూ ప్లాన్ అడగండి.

2600 అన్నారు కాబట్టి ఇంకోటి. అది 2011 నాటిది, అందులో ఏవీఎక్స్ అనే సూచనల (ఇన్‌స్ట్రక్షన్ల) సెట్ ఉంది, దాని తర్వాతి ఏవీఎక్స్2 లేదు. రెడ్ హ్యాట్ లినక్స్ 10 నుంచి ఆ స్థాయి సూచనలు తప్పనిసరి చేశారు, దాని మీద ఎక్కదు. అల్మాలినక్స్ 10 పాత ప్రాసెసర్ల కోసం వేరే బిల్డ్ ఇస్తోంది, ఆ దారిలో వెళ్ళండి. శీను గారి 4790కి ఆ ఇబ్బంది లేదు, ఏవీఎక్స్2 దాని తరమైన హాస్‌వెల్‌తోనే వచ్చింది.

గ్రంథాలయం_శీను (తెనాలి):

మధు గారూ, హీట్ సింక్ విప్పాను. పాత పేస్ట్ ఎండి పెచ్చులు కట్టి ఉంది, గోడ సున్నంలా గోటితో గీకితే రాలింది. రేకుల మధ్య దుమ్ము బొంతలా పేరుకుంది. ఆ బొంత తీస్తే అవతలి వైపు వెలుతురు కనబడింది, అంతవరకూ గాలి ఎలా వెళ్ళిందో! శుభ్రం చేసి కొత్త పేస్ట్ పెట్టి బిగించాను. బిగించేటప్పుడు ఒక మూల పిన్ను సరిగా దిగలేదు, మళ్ళీ విప్పి వేశాను.

ఇప్పుడు ఎనిమిది పేజీలు ఒకేసారి నడిచినా 74 డిగ్రీలు దాటడం లేదు. గడియారం 3.8 మీద నిలబడి ఉంది. వెయ్యి పేజీలకి 37 నిమిషాలు.

నాలుగు చొప్పున వదిలితే 46 నిమిషాలు పట్టింది. అంటే ఒక కోరు మీద రెండు థ్రెడ్లు నడిపే హైపర్ థ్రెడింగ్ వల్ల కూడా కొంత లాభం ఉంది.

రేపు సర్వర్‌ను మళ్ళీ తీసుకుని అదే వెయ్యి పేజీలు వేస్తాను.

మంగళగిరి_మాస్టారు (మంగళగిరి):

చాలా సంతోషం నాయనా. లక్షా పది వేలకి 37 నిమిషాల చొప్పున చూస్తే 68 గంటలు, మూడు రోజుల లోపే. కరెంటు పోతే ఎక్కడ ఆగిందో అక్కణ్ణుంచి మొదలయ్యే ఏర్పాటు ఉంటే ఇంట్లోనే అయిపోతుంది గదా, సర్వర్ ఎందుకు?

గ్రంథాలయం_శీను (తెనాలి):

నాకూ అదే అనిపించింది మాస్టారూ. కానీ ఈ పరీక్ష ఇప్పుడు ఆపబుద్ధి కావడం లేదు. పైగా ఓసీఆర్ ఒకసారితో అయ్యేది కాదు. స్కాన్ మసకగా ఉన్నచోట కాంట్రాస్ట్ మార్చి మళ్ళీ, వేరే మోడల్‌తో మళ్ళీ వెయ్యాల్సి వస్తుంది. ప్రతిసారీ మూడు రోజులంటే, ఒక ప్రయోగం చేసి ఫలితం చూసేసరికి ఉత్సాహం చచ్చిపోతుంది.

గ్రంథాలయం_శీను (తెనాలి):

సర్వర్ ఫలితాలు. పేజీకి ఒకే థ్రెడ్, మిగతా అంతా ఇంట్లోలాగే.

96 పేజీలు ఒకేసారి వెళ్తే, వెయ్యి పేజీలకి 84 సెకన్లు. 192 వెళ్తే 72 సెకన్లు.

రెండుసార్లు చూశాను, నమ్మలేక మూడోసారి కూడా చూశాను. మొదట్లో ఇదే సర్వర్ మీద 40 నిమిషాలకి ఏమీ రాలేదు.

సుధ_సిలికాన్ (ఆస్టిన్):

ఎంత చక్కగా కుదిరిందో చూడండి! 37 నిమిషాలంటే 2,220 సెకన్లు. దాన్ని 72తో భాగిస్తే దాదాపు 31 రెట్లు. కోర్లు 24 రెట్లు. ఒక్కో కోరు సుమారు 1.3 రెట్లు మెరుగు, ఇది మీ 8కి 6 అన్న మొదటి పరీక్షలోనే కనబడింది. 24ని 1.3తో గుణిస్తే 31. మీ మొదటి ప్రశ్నలోని రెండు సెకన్లూ, ఈ 31 రెట్లూ ఒకే ప్రాసెసర్ గురించి చెప్తున్నాయి.

ఇంత నేరుగా కుదరడం మాత్రం అన్ని పనుల్లోనూ జరగదు. మెమరీ సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. మీ 4790కి రెండు చానెళ్ళ డీడీఆర్3-1600, సెకనుకి 25.6 జీబీ. 9654కి పన్నెండు చానెళ్ళ డీడీఆర్5-4800, సెకనుకి 460.8 జీబీ. ఎంత పెద్ద అంకెనో అనిపిస్తుంది. కోరు చొప్పున పంచి చూడండి. మీ పాత డెస్క్‌టాప్‌లో కోరుకి 6.4 జీబీ, కొత్త సర్వర్‌లో 4.8. తలసరి లెక్కలో పాతదే ముందుంది! మెమరీలోంచి ఆగకుండా డేటా లాగే సిమ్యులేషన్ లాంటి పనుల్లో ఈ 31 రెట్లు రావు.

మీ ఓసీఆర్‌కి ఆ దెబ్బ తగలలేదు. తెలుగు మోడల్ కొన్ని మెగాబైట్లే. ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన చిన్న మెమరీని క్యాష్ అంటారు, ఎల్2, ఎల్3 దాని మెట్లు. 9654లో కోరుకి 1 ఎంబీ ఎల్2, ఎనిమిది కోర్లకి కలిపి 32 ఎంబీ ఎల్3 ఉంటుంది. అలాంటి ఎనిమిది కోర్ల ముక్కలు (చిప్లెట్లు) పన్నెండు, ఎల్3 మొత్తం 384 ఎంబీ. మీ 4790లో ఎల్3 మొత్తం కలిపి 8 ఎంబీ. కావలసిన డేటా చాలావరకు క్యాష్‌లోనే దొరికినప్పుడు మెమరీ దాకా వెళ్ళే అవసరం తగ్గుతుంది.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

సుధ గారు చెప్పినదానికి ఒక చేర్పు. పన్నెండు చానెళ్ళున్నా, అద్దె సర్వర్లలో ఒక్కోచోట నాలుగు ర్యామ్ మాడ్యూళ్ళే పెట్టి ఉంచుతారు. అప్పుడు మెమరీ వేగం మూడో వంతే. అద్దెకు తీసుకునే ముందు ఎన్ని జీబీ అని మాత్రమే కాదు, ఎన్ని మాడ్యూళ్ళు అని కూడా అడగండి. మా ఆఫీసులో డేటాబేస్ సర్వర్ ఒకటి ఎందుకు నెమ్మదిగా ఉందో తెలియక వారం రోజులు కొట్టుకున్నాం. చివరికి మూత తీసి చూస్తే సగం స్లాట్లు ఖాళీ.

కరెంటు లెక్క ఎవరూ అడగలేదు. శీను గారూ, ఇంటి మెషీన్ ఎన్ని వాట్లు లాగుతోంది?

గ్రంథాలయం_శీను (తెనాలి):

ప్లగ్ మీటర్ పెట్టి చూశాను, పూర్తి లోడ్‌లో 110 చుట్టూ.

అడ్మిన్_మధు (హైదరాబాద్):

అయితే 68 గంటలకి ఏడున్నర యూనిట్లు. సర్వర్ మొత్తం కలిపి, ప్రాసెసర్, ర్యామ్, ఫ్యాన్లు అన్నీ చూసుకుని 600 వాట్లు అనుకుందాం. మీ లక్షా పది వేల పేజీలకి 2 గంటల 12 నిమిషాలు. అంటే 1.3 యూనిట్లు. ఒకే పని, ఐదో వంతు కరెంటు కూడా కాలేదు. వందల సర్వర్లున్నచోట పాతవాటిని బాగా నడుస్తుండగానే ఎందుకు తీసేస్తారో ఈ లెక్కలో ఉంది. ఏసీ ఖర్చు ఇంకా కలపలేదు.

మీ ఇంట్లో మాత్రం ఏడున్నర యూనిట్ల కోసం 4790ని పారెయ్యకండి. పేస్ట్ మార్చారు కదా, ఇంకొన్నేళ్ళు పని చేస్తుంది. ఒకటే లోటు, దానికి ఈసీసీ ర్యామ్ (తప్పును తానే పట్టుకునే ర్యామ్) పనికిరాదు. రోజుల తరబడి నడిచే పనిలో ఎక్కడైనా ఒక బిట్ తారుమారైతే పట్టుకునేవాళ్ళు ఉండరు. అసలు స్కాన్‌లకి చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో చెప్పే అంకెలు) రాసి పెట్టుకోండి.

గ్రంథాలయం_శీను (తెనాలి):

పని పూర్తయింది. నిన్న రాత్రి పది గంటలకి అప్‌లోడ్ మొదలుపెట్టాను, 55 జీబీ ఫైళ్ళు. మా ఫైబర్ లైన్ మీద ఎక్కేసరికి పొద్దున ఎనిమిదైంది. అన్ని కోర్ల సర్వర్ ఉన్నా ఆ పది గంటలు తప్పలేదు. ఫైళ్ళన్నీ ఎక్కాకే సర్వర్‌కి డబ్బు కట్టి తీసుకున్నాను, ముందు వేరే చవక స్టోరేజీలోకి పంపి ఉంచాను. లేకపోతే ఆ పది గంటలకీ అద్దె పడేది.

ఓసీఆర్ 2 గంటల 20 నిమిషాల్లో ముగిసింది. మా నలుగురం గ్రంథాలయంలోనే కూర్చుని చూశాం. కౌంటర్ తిరుగుతుంటే లైబ్రేరియన్ గారు కూడా వచ్చి నిలబడ్డారు. ఆయన అడిగిన మొదటి మాట "వేమూరు" వెతికాం. 212 చోట్ల వచ్చింది. ఇరవై ఏళ్ళుగా బీరువాలోంచి బయటికి రాని పుస్తకంలో కూడా ఉంది.

తప్పులున్నాయి. 1920లకి ముందు అచ్చైనవాటిలో అరసున్నలు చాలావరకు పోయాయి, బండి ఱ చాలాచోట్ల మామూలు ర అయింది. ఎక్కడెక్కడ నమ్మకం తక్కువగా వచ్చిందో ఆ పేజీలు విడిగా తీస్తే 3,000 దాకా తేలాయి. వీటిని కాంట్రాస్ట్ మార్చి ఇంటి 4790 మీదే మళ్ళీ నడుపుతున్నాను, రెండు గంటల లోపు పని. దీనికి అప్‌లోడ్ అవసరం లేదు, అద్దె లేదు. ఆ తర్వాత మాత్రం ఒక్కో పేజీ మనిషి కళ్ళతో చూడాల్సిందే.

మంగళగిరి_మాస్టారు (మంగళగిరి):

అరసున్నలు ఎక్కడ ఉండాలో మా గురువుగారు కొట్టి మరీ నేర్పారు, ఇంకా మర్చిపోలేదు. పొద్దున్నే రెండు గంటలు ఖాళీగానే ఉంటాను. మొదటి యాభై పేజీలు పంపించు నాయనా, అక్షరం కొంచెం పెద్దదిగా పెట్టి.

గ్రంథాలయం_శీను (తెనాలి):

ఇప్పుడే పంపుతున్నాను మాస్టారూ. ఎడమవైపు స్కాన్, కుడివైపు టెక్స్ట్ వచ్చేలా పెట్టాను.

ఆల్బమ్_రాజు (కరీంనగర్):

శీను అన్నా, నాకు కూడా ఒక యాభై పంపు. ఆ జియాన్ మెషీన్ ఖాళీగానే ఉంది, మసక స్కాన్‌ల కాంట్రాస్ట్ బ్యాచ్ దాని మీద వేసి ఇస్తాను.